పదిహేడో కాలి శీల

ఊరు పుట్టాక 31వ ఏడు, ఆగస్టు 3

ఉదయం మంచినీళ్ళ వరసలో ఉండగా కొలిమి వైపు నుంచి ఈలలు, కేకలు వినిపించాయి. బిందె పక్కింటావిడకి అప్పజెప్పి పరిగెత్తాను. మా సొంత లోహంతో పోసిన మొదటి శీల అచ్చులోంచి బయటికొచ్చింది. మనిషి తొడంత లావు, చెయ్యంత పొడుగు. ఇంకా వేడి తగ్గలేదు, అయినా జనం దాన్ని ముట్టుకోవాలని తోసుకుంటున్నారు.

తోసుకోరూ మరి! మా ఊరి పేరు నిలకడ. తొంభై ఆరు కాళ్ళ మీద సముద్రంలో నిలబడి ఉంది. ఒక్కో కాలినీ ఊరి అడుగు పలకతో కలిపి పట్టుకునేవి రెండేసి శీలలు. అలలు కొట్టినప్పుడు కాలు ఊగి సర్దుకునేది వాటి మీదే. ఊరు పుట్టిన నాటి నుంచి ఈ శీలలు గట్టు మీది కర్మాగారం నుంచి వచ్చేవి. మూడేళ్ళ కిందట దాన్ని నీళ్ళకి దూరంగా ఎక్కడికో తరలించుకుపోయారు. తూర్పు వరసలో ఇరవై నాలుగు కాళ్ళకి శీలలు అరిగిపోయాయి. అక్టోబరులో తుపాన్లు మొదలవుతాయి.

అందుకని మేమే పోసుకున్నాం. మునిగిన ఊళ్ళలోంచి తీసిన కిటికీ చట్రాలు, ఫ్యాను రెక్కలు, బస్సు రేకులు కరిగిస్తే వచ్చిన అల్యూమినియం. అందులో కలిపేది ఊక పొడి. తేలే మడుల్లో పండే ఉప్పు వరి ఊకని నూకరత్నం గారి బట్టీలో కాల్చి కాల్చి తీసే ఆ పొడి గాజుని గీస్తుంది.

లాగుడు యంత్రంలో పెట్టి చూశాం. పాత శీల బలాన్ని వంద అనుకుంటే, ఇది నూట ఇరవై నాలుగు దాకా లాగింది. కొలిమి మేస్త్రి గవర్రాజు గారిని కుర్రాళ్ళు భుజాల మీద ఎత్తుకున్నారు. అరవై రెండేళ్ళ మనిషి, సిగ్గుపడిపోయారు.

నా పని లోహాన్ని లోపల చూడటం. గోరంత ముక్క కోసి, ఏడు రకాల కాగితాల మీద అద్దంలా నునుపు చేసి, ఆమ్లంలో ముంచి మైక్రోస్కోపు కింద పెడతాను. మధ్యాహ్నం ఆ ముక్క చూశాను. పొడి లోహమంతా పరుచుకోలేదు. ఉప్మాలో ఉప్పు ఒకచోట గడ్డకట్టినట్టు, ముద్దలు ముద్దలుగా ఉంది.

ఇవాళ ఎవరికీ చెప్పలేదు. పండగ చేసుకోనిచ్చాను.

ఆగస్టు 5

వంపు పరీక్ష చేశాను. రెండు కమ్మీలు చేయించాను, ఒకటి పాత శీలలోంచి, ఒకటి కొత్త దాంట్లోంచి. పాతది పద్నాలుగు డిగ్రీలు వంగాక, ముందు పైన ముడతలు పడి, ఆ తర్వాతే చీలింది. కొత్తది రెండు డిగ్రీల దగ్గర టప్పున విరిగింది. ముడత లేదు, మూలుగు లేదు.

గవర్రాజు గారిని పిలిచాను. ఆయన్ని నేను బాబాయ్ అంటాను. చుట్టరికం లేదు. నేను పనిలో చేరిన రోజు నుంచీ అంతే.

"అదేంటమ్మాయ్, నూటిరవై నాలుగు లాగింది కదా! నువ్వూ చూసేవు కదా!"

"లాగింది బాబాయ్. మెల్లిగా లాగాం కాబట్టి లాగింది. తుపాను మెల్లిగా లాగదు కదండీ. అటూ ఇటూ వంచుతుంది. ఎక్కడ పొడి ముద్దకట్టిందో అక్కడ చీలిక పుడుతుంది. పుట్టాక దాన్ని ఆపేది ఏదీ లేదు."

"నలభయ్యేళ్ళ నించీ పోత్తన్నాను. గిన్నెల కాడ్నించి పడవ రెక్కల దాకా. నా చేతిలో పోత తప్పిందంటావా?"

"పోత తప్పలేదండీ. పొడి కుదరలేదు."

ఆయన విరిగిన రెండు ముక్కలూ తువ్వాలులో మూట కట్టుకుని వెళ్ళిపోయారు. ఊరంతా భుజాల మీద ఎత్తుకున్న మనిషికి రెండో రోజునే ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

ఆగస్టు 6

ఊరి సభ. అధ్యక్షురాలు దంగేటి కుసుమ గారు సూటిగా అడిగారు.

"హైమా, నలభై ఎనిమిది శీలలు కావాలి. రోజుకి ఒకటి కంటే ఎక్కువ పొయ్యలేం. సెప్టెంబరు మొదటికైనా మొదలుపెట్టకపోతే అక్టోబరు మధ్యకైనా అందవు. ఇవి పనికిరావంటే ఎలా?"

"నెలాఖరు దాకా టైమివ్వండి."

"వెలుగుబండ వాళ్ళు కూడా ఊక పొడితోనే పోసుకున్నారట. నూట ఇరవై ఆరు వచ్చిందట. బిగించేసుకుంటున్నారు."

వెలుగుబండ మాకు దక్షిణంగా, పడవలో ఆరు గంటల దూరంలో ఉన్న ఊరు. మాలాగే కాళ్ళ మీద నిలబడ్డదే.

వెనక బల్ల మీంచి గవర్రాజు గారు లేచారు. "ఆయ్, అమ్మాయి చెప్పింది నిజవేనండి. రేత్రి ఆ ముక్కలు నేనూ చూసుకున్నానండి. విరిగిన మొహం మీద నల్లటి పొక్కులున్నాయండి. నేను పోసిందాన్ని నేనే కాదంటున్నానండి. టైమియ్యండి."

బయటికొచ్చాక మెట్ల దగ్గర దణ్ణం పెట్టబోయాను. "ఎందుకే, పని చూడు," అని కసిరారు.

ఆగస్టు 11

మొదటి కారణం దొరికింది. పొడి చెమ్మగా ఉంది. బట్టీ దగ్గర గోనె సంచుల్లో పోసి ఉంచుతున్నారు, సముద్రపు గాలి ఊరుకుంటుందా. చెమ్మ ఉన్న పొడి కరిగిన లోహంలో పడగానే ఒకదానికొకటి అతుక్కుంటుంది.

నూకరత్నం గారికి చెబితే నొచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ చెంగు బిగించి, "ఓస్, ఇంతేనా! కందిపప్పు వేయించినట్టు వేయించి, వేడి వేడిగా నీ చేతికిత్తాను. నీకు కావాల్సింది అదే కదా?" అన్నారు. పెద్ద ఇనప మూకుడు తెప్పించి ఎర్రగా కాలేదాకా వేయించారు. ఆ వేడి మీదే పోతలో కలిపాం. ముద్దలు సగానికి తగ్గాయి.

వంపు ఆరు డిగ్రీలు. చాలదు.

ఆగస్టు 16

లోహం గడ్డకట్టేటప్పుడు గింజలు గింజలుగా కడుతుంది. ఒక్కో గింజా పెరుగుతూ పెరుగుతూ, తన ముందున్న పొడిని తోసుకుంటూ పోతుంది. చివరికి రెండు గింజలు కలిసే అంచున ఆ పొడంతా ఇరుక్కుంటుంది. మేం ఇసక అచ్చులో పోస్తున్నాం. నెమ్మదిగా చల్లారుతుంది. గింజలకి పెరగడానికీ, పొడిని తోసెయ్యడానికీ కావలసినంత తీరిక.

ఆ తీరిక లేకుండా చెయ్యాలి.

పాత ఇంజను దిమ్మలోంచి ఇనప అచ్చు కోయించాం. దాని చుట్టూ సముద్రపు నీళ్ళు పరుగెత్తేలా గొట్టాలు పెట్టాం. పోసిన లోహం చూస్తుండగానే గడ్డకట్టింది. ముక్క నునుపు చేసి చూస్తే గింజలు పాతవాటిలో పదో వంతు. పొడి చాలావరకు అంచులకి పోకుండా గింజల లోపలే చెదిరి పరుచుకుంది. చిన్న గింజలంటే మధ్యలో ఎక్కువ గోడలు. వంచినప్పుడు పొరలు పొరలుగా జారబోయే లోహానికి అడుగడుక్కీ గోడ అడ్డం. బలం అక్కడి నుంచి వస్తుంది. చీలిక కూడా ఆ గోడల దగ్గరే ఆగాలి.

వంపు పది. కాస్త గాలి బుడగలు మిగిలాయి. ఇంకా చాలదు, కానీ మైక్రోస్కోపు వదిలి లేవబుద్ధి కాలేదు. ఇంత అందమైన లోహం నా పదిహేడేళ్ళ ఉద్యోగంలో చూడలేదు.

ఆగస్టు 20

బుడగలు పోవాలంటే ఏం చెయ్యాలో గవర్రాజు గారే చెప్పారు.

"పూరీ పిండిలో గాలుంటే ఏం చేత్తాం? పిసుకుతాం. దీన్నీ పిసుకుదాం. ఎర్రబడకుండా, మెత్తబడేదాకా కాసి ప్రెస్సు కింద పెడదాం. రెండుసార్లు, మూడుసార్లు."

చేశాం. బుడగలు మాయం. మిగిలిన ముద్దలు కూడా నలిగి చెదిరిపోయాయి. వంపు పరీక్షకి మూడు కమ్మీలు పెట్టాను. మొదటిది పదిహేడు డిగ్రీలు వంగింది! కొలిమిలో ఒకటే గోల. రెండోది పదహారు. మూడోది నాలుగు డిగ్రీల దగ్గర విరిగింది.

గోల ఆగిపోయింది. నేను విరిగిన ముక్క తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఆగస్టు 21

తప్పు నాదే. ప్రెస్సు కింద లోహం సాగిన వైపే పొడి కూడా వరసలు కట్టింది, చాపలో పుల్లల్లాగా. చాపని పుల్లలకి అడ్డంగా విరిచి చూడండి, కష్టం. పుల్లల మధ్య నుంచి చీల్చండి, తేలిక. మూడో కమ్మీని నేను వరసలకి అడ్డంగా కోయించాను. ఆ సంగతి రాసుకోలేదు కూడా.

అంటే శీల పొడుగంతా వరసలు నిలువుగా పోవాలి. అలా రావాలంటే లోహం ప్రెస్సులో పొడుగ్గా సాగాలి. మా ప్రెస్సు బల్ల అంత పొడుగు లేదు. ఒక పక్క గోడ.

ఈ మాట చెప్పగానే గవర్రాజు గారు గోడ వైపు చూశారు. దాని అవతలిది ఆయన నిద్రపోయే గది. భార్య పోయినప్పటి నుంచీ ఆ గదే ఆయన ఇల్లు.

"సమ్మెట ఇలా పట్రండి," అన్నారు.

సాయంత్రానికి గోడ లేదు. ఆయన మంచం లోహపరీక్ష గది వరండాలోకి వచ్చింది. ప్రెస్సు బల్ల రెండింతలైంది.

ఆగస్టు 27

ఆరు కమ్మీలు. ఆరూ పదహారు దాటాయి. ఒకటి పద్దెనిమిది.

లాగుడు బలం మాత్రం నూట పదమూడు. మొదటి శీల కంటే తక్కువ.

కుసుమ గారు పరీక్ష గదికి వచ్చారు. "పాతవాటి కంటే ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ జనం అడుగుతారు, పక్కూరి కంటే తక్కువేంటని. ఏం చెప్పను?"

వంపు యంత్రం పిడి ఆవిడ చేతికిచ్చాను. మొదటి శీల కమ్మీ పెట్టాను. పిడి తిప్పారు. విరిగిన చప్పుడుకి ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు. కొత్తది పెట్టాను. తిప్పారు, తిప్పారు. కమ్మీ వంగింది, పైన సన్నటి ముడతలు పడ్డాయి. చెమటలు తుడుచుకుని ఇంకా తిప్పారు.

"ముందే చెబుతోంది కదూ, ఇంక నా వల్ల కాదని," అన్నారు ముడతల మీద వేలు రాస్తూ.

"అవునండీ. ఆ చెప్పే టైములో మనం ఏదైనా చెయ్యచ్చు."

ఉత్తర్వు మీద అక్కడికక్కడే సంతకం పెట్టారు. తర్వాత రేడియోలో వెలుగుబండ ఇంజనీరుతో నేనే మాట్లాడాను. కొత్త శీలలు వంచి చూశారా అని అడిగాను. పొడి ముద్దల సంగతి, వేయించడం, నీళ్ళ అచ్చు, పిసకడం అన్నీ చెప్పాను. మర్యాదగా విన్నాడు. "అన్నీ బిగించేశామండీ. ఈ ఏడాది గడవనివ్వండి, వచ్చే ఏడు మీ పద్ధతి చూద్దాం," అన్నాడు. కొలతలన్నీ రాసి పడవలో పంపాను.

అక్టోబరు 17

నలభై ఎనిమిదో శీల బిగించారు. రోజూ ఒక శీల, రోజూ దానికో ముక్క, ప్రతి ముక్కా నా కళ్ళ ముందు నుంచే వెళ్ళింది. రెండింటిని తిప్పి పంపాను. గవర్రాజు గారు మళ్ళీ పోశారు.

ప్రతి కాలికీ ఒక ముల్లు పెట్టించాను. శీల ఎన్ని మిల్లీమీటర్లు వంగిందో చూపిస్తుంది. తొమ్మిది దగ్గర ఎర్ర గీత గీశాను. అది దాటితే శీలని నమ్మకూడదు.

అక్టోబరు 21

తెల్లవారి అయిదింటికి తుపాను మొదలైంది. జనమంతా పడమటి హాళ్ళలో చేరారు. నేనూ గవర్రాజు గారూ అడుగు పలక కిందున్న నడవాలో, తూర్పు వరస ముళ్ళ దగ్గర, నడుములకి తాళ్ళు కట్టుకుని కూర్చున్నాం. అల ఒక్కొక్కటి కిందనుంచి తంతే పళ్ళు కటకటలాడాయి.

తొమ్మిదింటికి పదిహేడో కాలు మూలగడం మొదలుపెట్టింది. ముల్లు ఒకటి, ఒకటిన్నర, రెండు. ఫోనులో పైకి చెబుతున్నాను. మూడు. గవర్రాజు గారు శీల మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"ఒణుకుతోందా బాబాయ్?"

"వంగుతోంది. విరిగేలా లేదు, వంగుతోంది!"

నాలుగు. అక్కడ ఆగింది. మధ్యాహ్నం రెండింటికి గాలి తిరిగింది, నాలుగింటికి తగ్గింది. మిగతా ఇరవై మూడు కాళ్ళ ముళ్ళూ ఒక మిల్లీమీటరు కూడా దాటలేదు. తాళ్ళు విప్పుకుని పైకి వస్తే కుసుమ గారు మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఆవిడ గవర్రాజు గారి రెండు చేతులూ పట్టుకున్నారు.

అక్టోబరు 22

వెలుగుబండ నుంచి రేడియో. నిన్న పదకొండు గంటలకి తొమ్మిది కాళ్ళ శీలలు ఒకదాని తర్వాత ఒకటి విరిగాయి. ఏ హెచ్చరికా లేదు. ఊరు ఒక పక్కకి ఒరిగి నీళ్ళలోకి దిగింది. పద్దెనిమిది మంది ఆచూకీ లేదు. మిగిలినవాళ్ళు మూడు వేల నూట నలభై మంది పడవల్లో ఉన్నారు. గట్టు వైపు కెరటాలు ఇంకా దాటనివ్వడం లేదు. మా వైపు వస్తున్నారు.

నేను రేడియోలో ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఇంకో పది సార్లు చెప్పి ఉండాల్సింది.

అక్టోబరు 23

పదింటికి పడవలు వచ్చాయి. తూర్పు రేవు ఒక్కటే తుపానుకి మిగిలింది. ఎక్కితే పదిహేడో కాలి పక్కనే ఎక్కాలి, తూర్పు వైపు నుంచే ఊళ్ళోకి నడవాలి.

కుసుమ గారు అందరి ముందూ అడిగారు. "హైమా, ఆ కాలు మొయ్యగలదా? కాదంటే పడవల్లోనే ఉంచి అన్నం, నీళ్ళు దింపుతాం. సాయంత్రానికి మళ్ళీ గాలి లేస్తుందంటున్నారు."

మళ్ళీ గాలి లేస్తే ఆ పడవలు ఆగవు. అందరికీ తెలుసు.

"గంట ఇవ్వండి," అన్నాను.

నడవాలోకి దిగాను. తుపాను ఆ కాలి మీద వేసిన బరువులో ఈ జనం బరువు సగం కూడా ఉండదు. పైగా ఒకసారి వంగిన లోహం వంగినచోట గట్టిపడుతుంది. అంత బరువు మళ్ళీ వేస్తే తప్ప మళ్ళీ వంగదు. ఇదంతా లోపల చీలిక లేకపోతేనే. చీలిక ఉంటే నా లెక్క చిత్తుకాగితం.

ఆ కాలి రెండు శీలల్లో ఎక్కువ వంగినదాని మీద, వంగిన చోట, వీపు వైపు, అర్ధరూపాయంత మేర అక్కడే రుద్దడం మొదలుపెట్టాను. ఏడు కాగితాలు. గవర్రాజు గారు దీపం పట్టుకున్నారు. కింద పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. పసిపిల్లల ఏడుపులు. ఎవరో ఆడమనిషి అరుస్తోంది, "ఎక్కించుకుంటారా లేదా, ఏదో ఒకటి చెప్పండమ్మా!"

ఆమ్లం చుక్క వేసి, కడిగి, చేతి మైక్రోస్కోపు ఆనించాను.

చీలికలు ఉన్నాయి. నాలుగు, వెంట్రుక కంటే సన్నం. ఒక్కోదాని వెంట వెళ్ళాను. మొదటిది పొడి గుంపు దగ్గర పుట్టి, రెండు గింజలు దాటి, మూడో గింజ గోడ దగ్గర ఆగిపోయింది. రెండోది ఒక్క గింజ కూడా దాటలేదు. మూడోది మలుపు తిరిగి, పొడి వరసకి తగిలి, మొన మొద్దుబారి ఆగింది. నాలుగోది చాలాసేపు దొరకలేదు. దొరికింది. అదీ ఆగే ఉంది. వాటి చుట్టూ గింజలు సాగి, పక్కకి ఒరిగి, చేతులు పట్టుకున్నట్టు ఉన్నాయి.

పక్కనే ఇంకో మూడు చోట్ల రుద్ది చూశాను. అంతే.

"ఏటమ్మాయ్?" అన్నారు గవర్రాజు గారు. మైక్రోస్కోపు ఆయనకిచ్చాను, ఎక్కడ చూడాలో చెప్పాను. చాలాసేపు చూశారు.

"ఆగిపోయిందే ఇది," అన్నారు.

"ఆపింది మనమే బాబాయ్."

ఫోను తీసుకున్నాను. "ఎక్కించండి. ఒక్కో పడవ ఎక్కాక ఆగండి, నేను సరే అన్నాక రెండోది. ఎక్కినవాళ్ళని ఆపకుండా పడమటికి నడిపించండి. పూచీ నాది."

మొదటి పడవలో ముసలివాళ్ళు. తలమీద పలక మీద అడుగుల చప్పుడు వినిపించింది. ముల్లు నాలుగు నుంచి కాస్త కదిలింది, నాలుగుంబావు. వాళ్ళు పడమటికి వెళ్ళాక వెనక్కి వచ్చింది. వెనక్కి వచ్చిందంటే శీల మళ్ళీ వంగలేదు, స్ప్రింగులా మోసింది. "సరే," అన్నాను.

ముప్ఫై ఏడు పడవలు. ప్రతి పడవకీ గవర్రాజు గారు అంకె చదివారు, నేను రాసుకుని సరే అన్నాను. పన్నెండో పడవప్పుడు నాలుగున్నర దాటి అక్కడే కాసేపు ఊగిసలాడింది. గవర్రాజు గారు అంకె చదవడం ఆపి నా మొహం చూశారు. నేను ముల్లునే చూశాను. దిగింది. పైన అడుగుల చప్పుడు ఆగకుండా సాగింది. మధ్యలో నూకరత్నం గారు జావ గిన్నెలు పట్టుకుని వచ్చి, మాకిచ్చి, శీలకేసి చూసి వెళ్ళారు.

చివరి పడవ మూడున్నరకి ఎక్కింది. గాలి నాలుగింటికి లేచింది. పడవలు ఖాళీగా ఊగాయి.

నేను పైకి వచ్చేసరికి ఇంకా బారులు తీరి పడమటికి నడుస్తున్నారు. తడి బట్టలు, మూటలు, చంకల్లో పిల్లలు. ఎవరికీ కింద ఏం జరిగిందో తెలియదు, తెలియక్కర్లేదు కూడా. గవర్రాజు గారు మెట్ల పక్కన నిలబడి వాళ్ళు నడిచే పలకనే చూస్తున్నారు. ఛాతీ కాస్త ముందుకొచ్చింది. నాదీ వచ్చే ఉంటుంది.

ఇవాళ్టి లెక్క. నిలకడలో ఉన్న జనం పదిహేను వేల రెండు వందల ఆరు. పదిహేడో కాలి ముల్లు నాలుగు. ఊరు నిలబడి ఉంది.

సంతకం: పెమ్మాడి హైమ, లోహపరీక్షకురాలు.